అత్తగారి పేరున తొక్కుడుబిళ్ళ

ముందే భయపడి పెట్టుకున్న ఆపద ఇంటికి రాదని వరహాలమ్మ గట్టి నమ్మకం. అందుకని ఆమె అన్నిటికీ భయపడి పెట్టుకునేది. రైలు నడిపే మొగుడు డ్యూటీ ఎక్కితే పట్టాల గురించి, కూతురు స్కూటర్ తీస్తే లారీల గురించి, కుక్కర్ కూత ఆలస్యమైతే దాని మూత గురించి. ఆ భయాలన్నిట్లోనూ సింహభాగం మాత్రం అత్తగారు అచ్చియ్యమ్మది. ఎనభై దాటిన మనిషి. జారిపడితే తుంటి ఎముక, తుంటి విరిగితే మంచం, మంచం పట్టిందంటే ఇక... అక్కడితో ఆపేసి లెంపలు వేసుకునేది.

స్నానాల గదిలో గోనెపట్టాలు పరిచింది. గడపలకి పాత చీరలు చుట్టింది. అత్తగారు లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటే బయట నిలబడి పిలుస్తూనే ఉండేది.

"అత్తమ్మా, ఉన్నారా?"

"లేను. కిటికీలోంచి ఎల్లిపోయాను," అనేది అచ్చియ్యమ్మ లోపలినుంచి.

కంచరపాలెంలోని అలాంటి ఇంట్లోకి ఆ చాప వచ్చింది.

తెప్పించింది బయటివాళ్ళు కాదు, సొంత కూతురే. హిమబిందు సముద్రం ఒడ్డున ఒక ప్రయోగశాలలో పనిచేస్తోంది. పెద్దవాళ్ళు ఇంట్లోనే ఆడుకుంటూ కాళ్ళలో బలం, బుర్రలో చురుకు నిలుపుకోవడానికి అక్కడ ఒక ఆట తయారుచేశారు. ఊళ్ళో కొన్ని ఇళ్ళకిచ్చి పరీక్షిస్తున్నారు. బిందు తన మామ్మ పేరు కూడా రాయించింది. అయితే సొంతవాళ్ళు ఆడేటప్పుడు ఉద్యోగులు పక్కన ఉండకూడదని అక్కడ కట్టడి. అందుకని బిగించడానికి వేరే ఆవిడ వచ్చింది. అచ్చియ్యమ్మ అప్పుడు మధ్యాహ్నం కునుకులో ఉంది.

వచ్చినావిడ హాల్లో మెత్తటి చాప పరిచి, ఒక పక్కన పట్టుకోవడానికి కమ్మీ నిలబెట్టి, కాళ్ళకి కడియాల్లాంటివి తొడుక్కుని తనే ఎక్కి చూపించింది. చాప మీద తొక్కుడుబిళ్ళ గడులు వెలిగాయి. గడుల్లో వంకాయ, బెండకాయ, దోసకాయ బొమ్మలు ఒకదాని తర్వాత ఒకటి మెరిసి మాయమయ్యాయి. మెరిసిన వరసలోనే ఆవిడ అడుగులు వేసింది. అప్పుడు ఎదురుగోడ మీద ఒక నీడ లేచింది. ఆవిడలాగే ఉంది, కానీ కొంచెం ఒళ్ళు చేసింది, ఎడమకాలు ఈడుస్తోంది.

"అది నేనేనమ్మా, అయిదేళ్ళ తర్వాత," అంది ఆవిడ నవ్వుతూ. "అడుగు ఎటు తూలుతోంది, ఏ గడి ముందు ఎంతసేపు ఆగిపోతున్నాం, అన్నీ చాప పసిగడుతుంది. ఇలాగే సాగితే మన నడక ఏమవుతుందో గోడ మీద నడిపిస్తుంది. రోజూ ఆడితే నీడ నిటారవుతుంది. నా మోకాలు చూశారుగా, నేను కూడా ఆడాలి."

"అయిదేళ్ళ తర్వాతదా?" అంది వరహాలమ్మ.

"అవునమ్మా."

మరి అయిదేళ్ళకి మనిషే లేకపోతే గోడ మీద ఏం లేస్తుంది? అడిగితే ఎక్కడ నిజమవుతుందోనని అడగలేదు.

మర్నాడు మేడ మీద బట్టలారేస్తుంటే పక్కింటి సత్తెమ్మ, అడక్కుండానే ఆ ప్రశ్నకి జవాబు చెప్పేసింది. మర్రిపాలెంలో ఒక పెద్దాయనకీ ఇలాంటి చాపే ఇచ్చారట. ఒకరోజు ఆయన ఎక్కితే గోడ ఖాళీగా ఉండిపోయిందట. ఎంత గెంతినా నీడ రాలేదట. పండగ తిరక్కుండానే పోయాడట.

"నిజమేనా సత్తెమ్మా?"

"మా తోటికోడలి సెల్లెలు ఎదురింట్లోనే ఉంటది మరి! ఆ గోడ సూసినకాడ్నించి ఆయన ముద్ద మింగలేదంట."

వరహాలమ్మ చేతిలోని తడి దుప్పటి కిందపడింది.

ఇక ఆమెకి దారి లేదు. చాప వద్దంటే కూతురి మొహం చిన్నబోతుంది. అత్తగార్ని ఎక్కిస్తే గోడ ఏం చూపిస్తుందో! రెండు రోజులు తిండి సహించలేదు. మూడోనాడు దేవుడి గది తుడుస్తుంటే దారి తట్టింది. మొగుడికి కామెర్లొచ్చినప్పుడు సింహాచలం కొండ చుట్టూ ఆయన పేరున నడిచింది తను కాదూ? ఆయన మంచం మీదే ఉన్నాడు, కాళ్ళు బొబ్బలెక్కింది తనకి, జబ్బు తగ్గింది ఆయనకి. బిందు పరీక్షలప్పుడు బిందు పేరున శనివారాలున్నది ఎవరు? ఒకరి పేరున ఒకరు నడిస్తే ఆ ఫలం చేరుతున్నప్పుడు, ఒకరి పేరున ఒకరు ఆడితే చేరదా?

అచ్చియ్యమ్మ పెరటి అరుగు మీద రేడియో పెట్టుకుని కూర్చునే వేళ చూసి, వరహాలమ్మ హాలు తలుపు దగ్గరగా వేసింది. కొంగు బిగించింది. కడియాలు తొడుక్కుని, చాపకి దణ్ణం పెట్టి, "అత్తమ్మ అచ్చియ్యమ్మ పేరున" అని పైకే అనుకుని ఎక్కింది.

గోడ మీద నీడ లేచింది. దాన్ని చూసి వరహాలమ్మ అదిరిపడింది.

మెడ ముందుకి వంగి ఉంది. భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయి. ప్రతి గడి ముందూ ఆగి, వేలితో గాలిని తడుముకుని, అప్పుడు కాలు మోపుతోంది. ఎనభయ్యేళ్ళ మనిషి నడకలా ఉంది. కానీ చాప మీదున్నది తను. యాభై నాలుగేళ్ళది.

'యంత్రం పొరబడింది,' అనుకుంది. 'అత్తమ్మ పేరుతో ఎక్కాను కదా, ఆవిడ నీడే చూపించుంటుంది.' అలా అనుకుంటే ధైర్యంగా ఉంది. అయినా మర్నాడు మళ్ళీ ఎక్కింది. ఆ మర్నాడూ ఎక్కింది. మొదట్లో వంకాయ తర్వాత బెండకాయో దోసకాయో గుర్తుండేది కాదు. బొమ్మ మెరిసినప్పుడల్లా ఆమె మనసు పొయ్యి మీద పాల దగ్గరో, గేటు దగ్గరో ఉండేది. మెల్లిగా మనసు గడిలోకి వచ్చింది. కొన్నాళ్ళకి గోడ మీది నీడ మెడ ఎత్తింది. భుజాలు దిగాయి. ఒకనాడు వరహాలమ్మ వరసంతా తప్పు లేకుండా గెంతి, చివరి గడిలో రెండు కాళ్ళూ మోపి, తనకి తెలియకుండానే "హే!" అని అరిచింది. అరిచి, నోరు మూసుకుని, పెరటివైపు చూసింది. రేడియో మోగుతూనే ఉంది.

ఆ ఆటలో ఉన్నంతసేపూ ఆమె ఎవరి గురించీ భయపడలేదు. ఆ సంగతి మాత్రం ఆమెకి తట్టలేదు.

*

"అమ్మా! మామ్మ ఏం తింటోందే?" బిందు వస్తూనే బ్యాగు సోఫాలో పడేసింది. "బరువు పెరిగింది, అడుగు నిలకడ పెరిగింది. మా దగ్గర ఆడేవాళ్ళందర్లోనూ మామ్మే ఫస్టు! మా ప్రసన్న మేడమ్ అయితే ఆ అడుగుల్ని పెద్ద తెర మీద పెట్టుకుని చూస్తోంది."

వరహాలమ్మ చేతిలో చపాతీ పిండి అలాగే ఉండిపోయింది. "ఏదో... రెండు ముద్దలు ఎక్కువ తింటున్నారులే."

"మామ్మా, నువ్వు గొప్పదానివే!"

"మరేటనుకున్నావ్ గుంటా," అంది అచ్చియ్యమ్మ మంచం మీంచి, తాపీగా. కోడలి వంక ఒకసారి చూసి, తమలపాకు ఈనె తీసుకోవడంలో పడిపోయింది.

"శుక్రవారం మా ల్యాబ్‌కి పెద్దపెద్ద అధికారులు చూడ్డానికొస్తున్నారు. మామ్మ వాళ్ళముందు ఆడాలని మేడమ్ అడిగింది. అన్నిటికన్నా కష్టమైన ఆట. గడులు కదుల్తూ ఉంటాయి."

వరహాలమ్మ పిండి చెయ్యి అడ్డంగా ఊపింది. "వద్దమ్మా! అంత దూరం ఆటోలో కుదుపులు... ఆవిడకి దగ్గు కూడా..."

"నాకేటి దగ్గు?" అంది అచ్చియ్యమ్మ. "సముద్రం సూసి ఎన్నాళ్ళైందో. ఎల్దాం."

ఆ మూడు రోజులూ వరహాలమ్మ నిజం చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచింది. తెరిచిన ప్రతిసారీ కూతురి మొహంలోని సంతోషం చూసి మూసేసింది. శుక్రవారం పొద్దున వాన పడాలని కోరుకుంది. ఎండ కాసింది.

*

ప్రయోగశాల హాలు సినిమా హాలంత ఉంది. గోడంతా తెల్లగా, ఖాళీగా ఉంది. ఆ ఖాళీ గోడని చూడగానే వరహాలమ్మ తల తిప్పేసుకుంది. కోటు వేసుకున్నవాళ్ళు పాతికమందిదాకా కుర్చీల్లో కూర్చున్నారు. కమ్మీ కూడా తీసేశారు, ఇంత బాగా ఆడే మనిషికి అవసరం లేదని. ప్రసన్న మేడమ్ చేతులు జోడించి అచ్చియ్యమ్మని చాప దగ్గరికి తీసుకెళ్ళింది. తనే వంగి కడియాలు తొడిగింది.

చాప మీద గడులు చేపపిల్లల్లా అటూ ఇటూ కదులుతున్నాయి.

అచ్చియ్యమ్మ కుచ్చిళ్ళు కాస్త ఎత్తి, కుడికాలు గాల్లోకి లేపింది.

"ఆపండి!"

అంతమంది ఒక్కసారి వెనక్కి తిరిగారు. వరహాలమ్మ అప్పటికే కుర్చీలు తోసుకుంటూ వెళ్ళి అత్తగారి నడుము రెండు చేతులా చుట్టేసింది.

"ఆవిడ కాదమ్మా! ఆవిడ ఒక్కరోజూ ఆడలేదు. నేను ఆడాను. ఆవిడ పేరున నేను..."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రసన్న మేడమ్ మాత్రం నవ్వలేదు. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఎన్నాళ్ళనించి?"

"మొదట్నించీ."

"బిందూ," అంది మేడమ్ మెల్లగా, "మిగతా ఇళ్ళలో గడుల దూరం పెంచింది ఈ అడుగుల్ని చూసేగా?"

బిందు అప్పటికే ఫోను తీసింది. గోపాలపట్నంలో ఇలాంటి చాప మీదే ఆడే గవరయ్య మాస్టారికి మొన్ననే గడులు దూరం జరిపారు. నిన్న సాయంత్రం ఆయన అందుకోబోయి పడ్డారని, మణికట్టు విరిగిందని అప్పుడే తెలిసింది. చాప మెత్తన కాబట్టి సరిపోయింది.

వరహాలమ్మ అక్కడే నేల మీద కూలబడింది. ఇన్నేళ్ళూ ఆమె లోకంలోని ఆపదలన్నిటికీ ముందే భయపడి పెట్టింది. ఆపద తన కాళ్ళతోనే నడిచి వెళ్ళి ఇంకొకరి ఇంటి తలుపు తడుతుందని మాత్రం భయపడలేదు.

"ఎందుకు చేశావమ్మా?" అంది బిందు. కోపమో ఏడుపో తెలియలేదు. "మామ్మ పడిపోతుందనా? కమ్మీ పెట్టాంగా!"

"పడిపోతారని కాదే." వరహాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "గోడ ఖాళీగా ఉంటుందేమోనని."

మర్రిపాలెం పెద్దాయన సంగతి అంతా చెప్పింది. చెబుతుంటే కోటువాళ్ళు ఒక్కొక్కరే లేచి బయటికెళ్ళిపోయారు. ప్రసన్న మేడమ్ వచ్చి ఆమె పక్కన నేల మీదే కూర్చుంది.

"ఆ పెద్దాయనకి ముందునించే గుండెజబ్బు ఉందమ్మా. మరీ పెద్ద వయసువాళ్ళ అడుగులు మా దగ్గర ఎక్కువ లేవు. లెక్క అందకపోతే నీడ లేవదు. అదొక కారణం."

"ఇంకో కారణం?"

మేడమ్ ఖాళీ గోడవైపు చూసింది. "ఇంకో కారణం ఉందో లేదో మాకూ తెలీదు," అంది చివరికి. "నీడ చూపిస్తే జనం ఉత్సాహంగా ఆడతారనుకున్నాం. చూసి బెంగపడేవాళ్ళు ఉంటారని అనుకోలేదు. మా తప్పు మాకుంది."

అంతవరకూ చాప అంచున నిలబడి ఉన్న అచ్చియ్యమ్మ అప్పుడు అంది, "నన్నెవలూ అడగరేటి?"

"ఏం మామ్మా?"

"ఇది ఆడతన్నాదని నాకు తెలుసు. వంటింటి కిటికీలోంచి రోజూ సూసేదాన్ని."

వరహాలమ్మ తలెత్తింది. "చూశారా? మరి ఒక్క మాట అనలేదేం?"

"అంటే మానేస్తావు కదే! పాతికేళ్ళుపైన ఈ ఇంట్లో ఉన్నావు. నువ్వలా గెంతడం, 'హే' అని అరవడం ఎప్పుడైనా ఇన్నానా? నా పేరు సెప్పుకుని ఆడుకుంటన్నావు, ఆడుకోనీ అనుకున్నాను. నాక్కూడా ఆ పంతులు సెయ్యి ఇరగ్గొట్టిన పాపంలో వాటా ఉన్నాది, మరేటి సేస్తాం."

అప్పుడు బిందు ఇంకో మాట అంది. నిదానంగా, తల్లి చెయ్యి పట్టుకుని అంది. "అమ్మా, మొదటిరోజు నీడ గుర్తుందా? మెడ వంగిపోయి, ప్రతి గడి ముందూ తడుముకుంటూ? ల్యాబ్‌లో తెర మీద చూసి, మామ్మది కదా, వయసుకి సహజమే అనుకుని నేను సరిపెట్టుకున్నాను. అది నీదే."

అందరికోసం భయపడే మనిషి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ భయపడలేదు. ఆ రోజు బిందు భయపడింది.

*

ఆదివారం తల్లీకూతుళ్ళు యాపిల్ పళ్ళు తీసుకుని గోపాలపట్నం వెళ్ళారు. గవరయ్య మాస్టారు కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని తలుపు తీశారు. వరహాలమ్మ గుమ్మంలోనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకన్నా పెద్దావిడ అవలీలగా గెంతేస్తోందని చెబితే నాకు పౌరుషం వచ్చిందమ్మా," అన్నారాయన. "రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. ఎనభై దాటిన మనిషికి ఆ మోకాళ్ళేమిటని! మీరు చేసింది తప్పే. నేను కాదనను. కానీ ఆవిడ నిజం కాదని తెలిశాక, ఏమిటో, నా మోకాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది."

వచ్చేటప్పుడు వరహాలమ్మ ఆయనకి అన్నం కలిపిపెట్టి, అంట్లు తోమి, ఇల్లు తుడిచి మరీ వచ్చింది. తర్వాత కూడా, కట్టు విప్పేదాకా, రోజూ క్యారేజీ పంపింది.

చాపని మాత్రం సోమవారం తీసుకెళ్ళిపోతామన్నారు. అచ్చియ్యమ్మ పేరు కొట్టేశారు. లెక్కల్లో లేని మనిషి కాబట్టి ఇప్పుడు బిందు పక్కన ఉండొచ్చు.

ఆ ఆదివారం సాయంత్రం తల్లీకూతుళ్ళు చాప చుట్టబోతుంటే అచ్చియ్యమ్మ అడ్డం వచ్చింది.

"ఉండండుండండి. ఎల్లిపోయేలోగా నేనోసారి కాలెడతాను."

"అత్తమ్మా!" వరహాలమ్మ గోడవైపు చూసింది. సాయంత్రపు ఎండలో గోడ తెల్లగా ఉంది. "గోడ ఆపేసి ఆడొచ్చుగా? బిందూ, ఆ నీడ వేసే దీపం ఆపలేవా?"

"ఆపగలను. మామ్మా, ఆపెయ్యనా?"

"ఎందుకూ? దాని మానాన దాన్ని ఉండనీ. నేను కళ్ళు మూసుకుంటాను." అచ్చియ్యమ్మ అప్పటికే కడియాలకి కాళ్ళు చాపింది. "మా సిన్నప్పుడు ఆఖరాట అలాగే కదేటి. కళ్ళు మూసుకుని, మొహం పైకెత్తి నడవాల. గడిగడికీ అడగాల, రైటా అని. సూసేవోళ్ళు సెప్పాల. గీత తొక్కితే అవుట్."

"కళ్ళు మూసుకునా? ఈ వయసులోనా?"

"గెంతనులే. నడుస్తాను. కమ్మీ పట్టుకుంటాను, సాలా? నువ్వు సెప్పు. అబద్ధం మాత్రం ఆడకు. అబద్ధమాడితే ఆట పాడైపోద్ది."

బిందు గడుల్ని పెద్దవి చేసి, కదలకుండా వెలిగించింది. మామ్మ వెనకాల చేతులు చాచి నిలబడింది. అచ్చియ్యమ్మ ఒక చెయ్యి కమ్మీ మీద వేసి, కళ్ళు మూసుకుని, తెల్లజుట్టు తల పైకెత్తి మొదటి అడుగు వేసింది.

"రైటా?"

వరహాలమ్మ కళ్ళు గోడవైపు లాగాయి. అటు చూస్తే అత్తగారి కాళ్ళు కనపడవు. కాళ్ళు చూడకపోతే జవాబు చెప్పడం కుదరదు. నేల మీద మోకరించి, చెంప దాదాపు చాపకి ఆనించి, ముడతలుపడ్డ ఆ పాదాన్నే చూసింది. మడమకీ గీతకీ మధ్య వేలెడు జాగా ఉంది.

"రైట్, అత్తమ్మా."

ఇంకో అడుగు. మోకాలు కొద్దిగా వణికింది. "రైటా?"

"రైట్."

"రైటా?"

"రైట్. కొంచెం ఎడమకి... కాదు కాదు, చెప్పకూడదు కదూ. రైట్!"

బిందు ఊపిరి బిగబట్టినట్టు వినిపించింది. గోడని చూసిందో, మామ్మని చూసిందో. వరహాలమ్మ తల తిప్పలేదు. అచ్చియ్యమ్మ కాలెత్తింది. గాల్లో ఒక్క క్షణం వెతుక్కుంది. దింపింది. బొటనవేలు గీత మీద పడింది. అంచున కాదు, నిండుగా మధ్యలో.

"రైటా?"

వరహాలమ్మ ఆ వేలినే చూసింది. ఒక్క మాట. రైట్ అనేస్తే చాలు, ముసలావిడ నవ్వుకుంటూ చివరిదాకా వెళ్ళిపోతుంది. గీత తొక్కితే అనాల్సిన ఆ రెండో మాట అత్తగారి మొహాన అనడానికి నాలుక తిరగడం లేదు.

"ఏటే, నిద్రపోయావా? రైటా, కాదా?"

"అవుట్!" అని అరిచింది వరహాలమ్మ. అరిచేసి కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఏమీ కాలేదు. కమ్మీ కిర్రుమంది. అచ్చియ్యమ్మ పొట్ట కదిలేలా నవ్వుతోంది.

"అమ్మ దొంగా! నిజమే సెప్పావు!" కళ్ళు తెరిచి గీత మీదున్న తన వేలు చూసుకుంది. బిందు భుజం ఆసరాతో చాప దిగి, కుర్చీలో కూలబడి, ఆయాసం తీర్చుకుంటూ కాళ్ళు ముందుకి చాపింది. "తియ్యి, ఈ కడియాలు తీసి నువ్వెట్టుకో. నేను అవుటైపోయాను కదా. ఇప్పుడు నీ వంతు."

"ఎవరి పేరున అత్తమ్మా?" అంది వరహాలమ్మ, ఒంగి కడియాలు తీస్తూ.

"నీ పేరుకేటైందే?" అంది అచ్చియ్యమ్మ.